ఒకటో నంబరు బిళ్ళ

ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే అనంతమ్మ చేతులు ఊరుకోవు. వచ్చేది చుట్టమే కానక్కర్లేదు, కరెంటు మీటరు చూసేవాడైనా సరే. వాకిలి కడగాలి, గడపకు పసుపు రాయాలి, ఇంట్లో ఇత్తడి ఎక్కడ కనిపిస్తే అక్కడ చింతపండు పెట్టి తోమాలి. ఆమె అత్త అలాగే చేసింది, అత్తకు అత్త కూడా అలాగే చేసి ఉంటుంది. ఇత్తడి నల్లబడిన ఇంట్లో అతిథి మంచినీళ్ళు తాగితే ఆ ఇంటి ఆడదాని పరువు పోయినట్టేనని ఆమె నమ్మకం. ఈసారి వచ్చేది మామూలు మనిషి కూడా కాదు, బెంగళూరు నుంచి వస్తున్న ఆర్కిడ్ పూల పెద్దమనిషి. ఇక ఆమెను ఆపేదెవరు?

ఆపగలిగిన ఒకే ఒక్క మనిషి ఆమె మొగుడు సమ్మయ్య. ఆయనేమో పొద్దున్నే పక్క తండా బద్యా ఆటో ఎక్కి, ఆ పెద్దమనిషిని తీసుకురావడానికి కొత్తగూడెం స్టేషనుకు వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ "కుండీలల్ల నీళ్ళు పోయకు, నేనొచ్చి పోస్త" అని మాత్రం చెప్పాడు. బిళ్ళలు తోమొద్దని చెప్పలేదు. ఈ మాట అనంతమ్మ ఆ తర్వాత చాలాసార్లు, చాలామంది ముందు గుర్తుచేసింది.

ఇంతకీ ఈ బిళ్ళలేమిటో చెప్పాలి. సమ్మయ్య బొగ్గు గనిలో ల్యాంప్ రూము మనిషి. గనిలోకి దిగే ప్రతివాడికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. ఆ బిళ్ళ సమ్మయ్య చేతికిచ్చి, దీపం తీసుకుని దిగేవాడు. సమ్మయ్య ఆ బిళ్ళను బోర్డు మీద మొలకు తగిలించేవాడు. మనిషి పైకొచ్చి దీపం అప్పగించాక బిళ్ళ తీసి ఇచ్చేసేవాడు. బోర్డు మీద ఇంకా ఒక బిళ్ళ వేలాడుతోందంటే ఒక మనిషి ఇంకా పైకి రాలేదని లెక్క. అది తీసేదాకా ల్యాంప్ రూముకు తాళం పడదు. ఉద్యోగమంతా ఇలా బిళ్ళలు చూస్తూ గడిపిన మనిషి, రిటైరై పాల్వంచ దాటి భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున, తండా పక్కన ఇంత జాగా కొనుక్కుని, పచ్చ నెట్టు పందిరి కట్టి ఆర్కిడ్లు పెట్టాడు.

ఆర్కిడ్లతో వచ్చిన చిక్కేమిటంటే, పూసినప్పుడు మహారాణుల్లా ఉంటాయి, పూయనప్పుడు నాలుగు కర్రలు, పది ఆకులు. అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఏది ఏదో గుర్తుండాలంటే పేరో నంబరో రాసి గుచ్చాలి. సమ్మయ్య మొదట ఐస్‌క్రీం పుల్లల మీద రాశాడు, చెద తినేసింది. ప్లాస్టిక్ పట్టీల మీద స్కెచ్ పెన్నుతో రాశాడు. మన ఎండలు తెలిసినవే కదా, మృగశిర వచ్చేసరికి పట్టీలు తెల్లటి పళ్ళలా మిగిలాయి. అప్పుడొచ్చింది ఇత్తడి బిళ్ళల ఆలోచన. ఆ ఏడు అనంతమ్మకు కడుపులో గడ్డ తేలి, ఆపరేషన్ కోసం కొత్తగూడెం దవాఖానాలో చేర్చారు. వరండాలో కూర్చుని కూర్చుని పిచ్చెక్కిన సమ్మయ్య, దవాఖానా ఎదురు సందులోని గిన్నెల దుకాణానికి పోయి నంబర్లు కొట్టించి ఓ సంచెడు బిళ్ళలు తెచ్చాడు.

అప్పట్నుంచీ కుండీకో బిళ్ళ. మొక్క ఎవరింటికైనా వెళ్తే, పూలప్రదర్శనకు వెళ్తే, దాని బిళ్ళ తీసి పందిరి గుమ్మం దగ్గరి బోర్డు మీద తగిలిస్తాడు. మొక్క తిరిగొచ్చాక బిళ్ళ మళ్ళీ కుండీ అంచున తీగకు చేరుతుంది. బోర్డు మీద మొదటి మొలకు మాత్రం ఒకటో నంబరు బిళ్ళ ఎప్పుడూ అలాగే వేలాడుతుంటుంది. "ఆ మొక్క ఎవరికిచ్చినవయ్యా, ఎన్నడొస్తది?" అని అనంతమ్మ ఒకసారి అడిగింది. "ఉండనీ" అన్నాడు. ఎవరో తీసుకుని ఎగ్గొట్టి ఉంటారు, మొగుడికి మొహమాటమెక్కువ అనుకుని ఆమె వదిలేసింది.

ఇప్పుడు ఆ బిళ్ళలన్నీ, బోర్డు మీదున్న ఆ ఒక్కదానితో సహా, వాకిట్లో గంపలో ఉన్నాయి. చింతపండు, ఉప్పు, కొబ్బరి పీచు. అనంతమ్మ పాట పాడుకుంటూ తోమింది. ఏళ్ళ తరబడి తడిలో ఉండి పచ్చగా, నల్లగా పేరుకున్న చిలుమంతా పోయి ఒక్కొక్కటీ కొత్త పెళ్ళికూతురి ముక్కుపుడకలా మెరుస్తుంటే ఆమె సంతోషం అంతా ఇంతా కాదు. కడిగి, మంచం మీద పాత చీర పరిచి, ఎండలో ఆరబోసింది. నడుం మీద చేతులు పెట్టుకుని చూసుకుంది. మొగుడు చూసి ఏమంటాడో ఊహించుకుని ముసిముసిగా నవ్వుకుంది.

అప్పుడే చాంది పెరుగు గిన్నెతో వచ్చింది. చాంది బద్యా భార్య, తండాలో అంగన్వాడీ టీచరు, అనంతమ్మకు చెల్లెలికన్న ఎక్కువ.

"అబ్బబ్బా, అక్కా! బంగారం దుకాణం పెట్టినవా ఏంది?" అంది చాంది, మంచం దగ్గర గొంతుక్కూర్చుని. "ఎంత మెరుస్తున్నయ్! ఒక్కదానివే తోమినవా?"

"అవ్. చేతులు చూడు, ఎట్ల నానిపోయినయో."

"మంచిగున్నయ్. మరి ఏ బిళ్ళ ఏ కుండీదో ఎట్ల గుర్తువెట్టుకున్నవ్?"

అనంతమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది. "బిళ్ళ మీద నంబరున్నది గద."

"బిళ్ళ మీదున్నది అక్కా. కుండీ మీదేమున్నది?"

ఇద్దరూ ఒకేసారి పందిరి వైపు చూశారు. వరుసలు వరుసలుగా కుండీలు, అన్నిట్లోనూ నాలుగు కర్రలు, పది ఆకులు. "యాడీ!" అని చాంది తన భాషలో అమ్మను తలుచుకుంది. అనంతమ్మ మంచం మీద కూలబడబోయి, బిళ్ళలున్నాయని గుర్తొచ్చి నేల మీద కూలబడింది.

ఎందుకంటే ఆ రోజు వచ్చే పెద్దమనిషి ఊరికే రావడం లేదు. కొన్నేళ్ళ కింద సమ్మయ్య రెండు ఆర్కిడ్లను జత కలిపాడు. కాయ కాసింది, దాని గింజలు ల్యాబుకు వెళ్ళాయి, సీసాలో పిల్ల మొక్కలై తిరిగొచ్చాయి, ఆ పిల్లల్లో ఒకటి ఈ కార్తీకంలో మొదటిసారి పూసింది. మీగడ రంగు రెక్కలు, అంచున వంకాయ రంగు గీత, గొంతులో పసుపు. అలాంటి పూవు ఇంతవరకూ ఎక్కడా లేదట. అయితే కొత్త పూవుకు పేరు ఊరికే రాదు. తల్లి ఏది, తండ్రి ఏది అని అడుగుతారు. పెంచినవాడు రెండిటినీ చూపించి ఖాయంగా చెబితేనే పేరు రిజిస్టరులోకి ఎక్కుతుంది. చెప్పలేకపోతే ఎంత అందమైనదైనా పేరు లేని పూవే. పూవు విప్పారినప్పట్నుంచీ సమ్మయ్య సరిగ్గా అన్నం తినలేదు, పందిరికీ ఇంటికీ మధ్య చిన్నపిల్లాడిలా తిరుగుతున్నాడు. "అనంతా, దీనికి పేరెక్కితే సాలు, నేనింకేం అడుగ" అన్నాడు నిన్న రాత్రి. అలా అడిగిన మనిషి నోట్లో ఆమె ఇప్పుడు చింతపండు పులుసు పోసింది.

"పుస్తకముంటది గద! ఆయన అన్ని రాస్తడు!" అంటూ అనంతమ్మ ఇంట్లోకి పరుగెత్తి పుస్తకం పట్టుకొచ్చింది.

చాంది చదివింది. "పద్నాలుగో నంబరు తల్లి, ముప్పై ఒకటో నంబరు తండ్రి. శ్రీరామనవమి నాడు జత కలిపిన. ఇగో, ఇక్కడున్నది అక్కా!"

"ఉన్నది గద! మరి పద్నాలుగు ఏది?"

"తెల్లపూలు, ఊదా పెదవి అని రాసిండు."

"పూలేవే పిల్లా ఇప్పుడు?"

చాంది పుస్తకం మూసింది. పుస్తకానికి నంబరు తెలుసు, బిళ్ళకు నంబరు తెలుసు, కుండీకి మాత్రం ఏమీ తెలియదు. అంత బాగా రాసిన పుస్తకం ఇద్దరి మధ్య పనికిరాకుండా పడి ఉంది. అది చూసి చాందికి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ముక్కులోంచి వచ్చింది. అనంతమ్మ ఆమెను కోపంగా చూసింది, అంతలో ఆమెకూ వచ్చింది. ఏడవాల్సిన చోట ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

"నవ్వకే! ఆయనొచ్చి నన్ను సంపుతడు!"

"సంపడు అక్కా. నీకు బిళ్ళ కట్టి బోర్డు మీద తగిలిస్తడు."

పూసి ఉన్న నాలుగైదింటిని పుస్తకం చూసి గుర్తుపట్టారు. మిగతావాటికి చాంది అంగన్వాడీ ఉపాయం చెప్పింది. "మా పిల్లలు చొక్కాలు మార్చుకుని కలగాపులగమైతే మేమేం చేస్తం? మొదలు వరుసలో నిలవెడ్తం, తర్వాత చూసుకుంటం." సరేనని ఇద్దరూ గుమ్మం దగ్గర్నుంచి మొదలుపెట్టి, మొదటి కుండీకి రెండు, తర్వాత దానికి మూడు, ఇలా వరుసగా తగిలించుకుంటూ పోయారు. రెండు నుంచే ఎందుకంటే, పుస్తకంలో ఒకటో నంబరే లేదు. చాంది రెండుసార్లు తిరగేసి చూసింది, రెండు నుంచే మొదలు. పందిరి మాత్రం కళకళలాడిపోయింది. అన్నీ తప్పే, కానీ ఏం మెరుపు!

చివరికి కుండీలు అయిపోయాయి, ఒకటో నంబరు బిళ్ళ చేతిలో మిగిలింది.

"బోర్డు మీద ఉంటది గద ఇది, అక్కడ్నే తగిలిద్దాం" అంది అనంతమ్మ.

"వద్దక్కా. వచ్చే సారు అడుగుతడు, ఈ మొక్కేదని. ఏం చెప్తవ్? అసలుకే మన లెక్కలు బాగలేవు." చాంది చుట్టూ చూసి, పందిరి అంచున ఎండ పడే చోట కుండీలో పెరుగుతున్న వంగమొక్కకు బిళ్ళ తగిలించింది. దానికి ఒక కాయ కూడా ఉంది, నిగనిగలాడుతూ. "ఇగ సరిపోయింది" అని చేతులు దులుపుకుంది.

అనంతమ్మకు మాత్రం సరిపోలేదు. నూరు బిళ్ళలు తప్పైనా ఆయన తర్వాత నెమ్మదిగా, పూసినవి పూసినట్టు సరిచేసుకుంటాడు. కానీ ఆ తల్లీ తండ్రీ ఇవాళ కావాలి. కళ్ళు మూసుకుని ఆ శ్రీరామనవమిని గుర్తుచేసుకుంది. టీవీలో భద్రాచలం కల్యాణం వస్తోంది. సమ్మయ్య అగ్గిపుల్ల కొనకు ఒక పూవు పుప్పొడి అంటించుకుని ఇంకో పూవు దగ్గరికి వెళ్తున్నాడు. "ఆగయ్యా, ముహూర్తం కానీ" అని తనే అరిచింది. ముత్యాల తలంబ్రాలు పడే వేళకు ఆ పని చేయించింది. మీద అక్షింతలు చల్లింది. బద్యా బకెట్టు బోర్లించి డప్పు కొట్టాడు. ఊరికే కొట్టాడా? పెళ్ళికొడుకుకూ పెళ్ళికూతురికీ...

"కంకణం!" అని అనంతమ్మ ఎగిరి లేచింది. "చాందీ, నేను కంకణాలు కట్టిన! పసుపుదారం, పసుపుకొమ్ము ముక్క పెట్టి, రెండింటికీ కట్టిన!"

"ఎన్నేండ్లాయెనక్కా? విప్పి ఉంటవ్."

"విప్పలే! పదహారు రోజుల పండుగ నాడు విప్పాలె. ఆ నెల మా తిరుమల కాన్పు పని మీద తల్లాడ పోయి కూసున్న, మరిచేపోయిన!"

తిరుమల ఆమె కూతురు. ఆ కాన్పు ఇప్పుడు ఎల్‌కేజీ చదువుతోంది. ఆ మరుపు మీద ఆనాడు అనంతమ్మ చాలా బాధపడి ఉండేది కానీ, గుర్తొస్తే కదా. ఇప్పుడు ఆ మరుపును ఆమె రెండు చేతులా దీవించింది. ఇద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ, ఆకులు ఎత్తుతూ, పాత కర్రలు తడుముతూ వెతికారు. సమ్మయ్య ఎండిన కర్రను కూడా కోయడు, అదొక్కటే ఆశ. ఒకచోట చాంది చేతికి జెర్రి తగిలింది. ఆమె వేసిన కేకకు తండాలో కుక్కలన్నీ మొరిగాయి. ఇంకోచోట అనంతమ్మ కొప్పు మొక్కల నుంచి వేలాడే వేళ్ళలో చిక్కుకుని, విడిపించుకోలేక, నవ్వు ఆపుకోలేక అక్కడే ఉండిపోయింది. అలా ఇరుక్కున్న చోటే ఆమె కళ్ళ ముందు, ఆకులన్నీ రాలిన పాత కర్రకు, మట్టి రంగుకు తిరిగిన దారం, దానికి ఎండిన శొంఠి ముక్కలా పసుపుకొమ్ము.

"పెళ్ళికూతురు దొరికింది!" అని ఆమె ఆ కుండీని ముద్దుపెట్టుకుంది. పూల గుర్తు కూడా దొరికింది. ఒక కొసన ఎండిపోయిన తెల్లపూవు, పెదవిలా ముందుకొచ్చిన దాని కింది రెక్క ఇంకా ఊదాగానే ఉంది. పద్నాలుగో బిళ్ళను దాని తప్పుడు చోటు నుంచి తెచ్చి ఇక్కడ తగిలించారు. ఇక పెళ్ళికొడుకు కావాలి.

గేటు దగ్గర ఆటో హారన్ మోగింది.

"నువ్వు వెతుకు, నేను ఆపుత" అని అనంతమ్మ కొంగు సర్దుకుని పరుగెత్తింది.

వచ్చిన రవికుమార్ గారు తల మీద టోపీ, మెడలో కెమెరా, ముఖం నిండా నవ్వు ఉన్న మనిషి. పుట్టింది బోనకల్‌లోనట. ఆ మాట వినగానే అనంతమ్మకు ప్రాణం లేచొచ్చింది, మాటల్లో పెట్టడానికి ఊరు దొరికింది. బోనకల్‌లో ఎవరు, ఏ వీధి, రైలు గేటు దగ్గరి మిర్చి బజ్జీలు ఇంకా ఉన్నాయా అని అడుగుతూ, తళతళలాడే చెంబుతో మంచినీళ్ళు, వెనకే ఉప్మా, దాని వెనకే గారెలు పెట్టింది. గారెలు అయ్యాక చాయ్. చాయ్ అయ్యాక మళ్ళీ గారెలు.

"చాలమ్మా, చాలు! ఇంకొకటి తింటే వంగి మొక్కలు చూడలేను" అన్నాడు రవికుమార్.

"అనంతా, సారును తిననిస్తవా సంపుతవా?" అన్నాడు సమ్మయ్య. ఆయన కాళ్ళు అప్పటికే పందిరి వైపు లాగుతున్నాయి.

గుమ్మంలో అడుగుపెట్టగానే ఆయన నిలబడిపోయాడు. ఎండ పడి పందిరంతా బిళ్ళలే మెరుస్తున్నాయి. "ఎవలు తోమిన్రు?" అన్నాడు.

"నేనే" అంది అనంతమ్మ. గర్వంగా అందామనుకుంది, గొంతు పీలగా వచ్చింది.

"భలే ఉన్నాయండీ!" అని రవికుమార్ కెమెరా తీశాడు. అంతలో కుండీలు పెట్టిన బల్ల కింద నుంచి రెండు పాదాలు కనిపించాయి. ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఎవరమ్మా అక్కడ?"

"మా అంగన్వాడీ టీచరు సార్" అంది అనంతమ్మ. "పిల్లలను లెక్కవెడ్తాంది."

పాదాలు ఇంకాస్త లోపలికి ముడుచుకున్నాయి. సమ్మయ్య అవేమీ వినడం లేదు. ఆయన రెండో కుండీ దగ్గర ఆగాడు, మూడో దాని దగ్గర ఆగాడు. నాలుగో బిళ్ళను రెండు వేళ్ళతో తిప్పి చూశాడు. ఏం జరిగిందో ఆయనకు అర్థమైపోయిందని అనంతమ్మకు అర్థమైంది. నోరు తెరవబోయింది. అప్పుడే పందిరి చివర నుంచి రవికుమార్ పిలిచాడు.

"సమ్మయ్య గారూ, ఈ ఒకటో నంబరు ఏ జాతండీ? వంకాయలా ఉందే!"

సమ్మయ్య అటు చూశాడు. వంగమొక్కకు వేలాడుతున్న బిళ్ళను చూడగానే ఆయన ముఖం రంగు మారింది. గబగబా నడిచి వెళ్ళి ఆ బిళ్ళ తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు, అప్పటికే అద్దంలా ఉన్నదాన్ని. గుమ్మం దాకా వెనక్కి వచ్చి, బోర్డు మీద మొదటి మొలకు తగిలించి, ఊగుతున్న దాన్ని వేలితో ఆపాడు. ఆ తర్వాతే భార్య వైపు తిరిగాడు.

"ఇగ చెప్పు" అన్నాడు.

అనంతమ్మ ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. చింతపండు, గంప, చాంది, పుస్తకం, పెళ్ళి, కంకణం, జెర్రి. "తోమొద్దని నువ్వు చెప్పలే" అని మధ్యలో రెండుసార్లు అంది. "పెళ్ళికూతురు దొరికింది, పెళ్ళికొడుకు దొరకలే. నీ పూవుకు పేరు లేకుండ చేసిన" అనేసరికి నవ్వుతూ మొదలుపెట్టిన మాట అక్కడ ఆగిపోయింది. నిజంగానే ఏడుపొచ్చింది, పళ్ళెం గారెలు పెట్టినా ఆగని ఏడుపు.

సమ్మయ్య పందిరి మూలకు వెళ్ళి, పై తీగకు వేలాడుతున్న ఒక కుండీని దించి తెచ్చాడు. దాన్ని వేలాడదీసే తీగ చుట్టూ, మెలిక దగ్గర, మట్టి రంగు దారం ముడి ఉంది. ఎండిన పసుపుకొమ్ము ఉంది.

బల్ల కింద నుంచి చాంది తల బయటికొచ్చింది. "నేను కర్రలన్ని చూసిన గదా!"

"పోయిన వానలకు ఆ కర్ర మురిగింది" అన్నాడు సమ్మయ్య. "కోసేసిన. కంకణమెట్ల పారేస్త? పదహారు రోజుల పండుగ చెయ్యకపోతిమి. తీగకు కట్టిన."

రవికుమార్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఎన్నో ఊళ్ళు తిరిగాడు, ఎన్నో రకాల లేబుళ్ళు చూశాడు, కంకణం కట్టిన ఆర్కిడ్డును మాత్రం చూడలేదు. రెండు ముడులూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకే దారం, ఒకే కొమ్ము విరిచిన రెండు ముక్కలు. "పెంచినవాళ్ళు ఖాయంగా చెప్పగలగాలి, నాకు కావాల్సింది అంతే. ఇంతకన్నా ఖాయంగా ఎవరు చెబుతారండీ" అని ఫోటోలు తీసి, కాగితం మీద తల్లినీ తండ్రినీ రాసుకున్నాడు. "పేరేం పెడతారు?"

సమ్మయ్య భార్య వైపు చూశాడు. "పెళ్ళి చేసింది ఆమెనే. ఆమెనే చెప్తది."

"నాకేం తెల్సు" అని అనంతమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. మరుక్షణమే "కంకణం" అంది. ఆ పూవు గొంతులో పసుపు కూడా అలాగే ఉంది కదా మరి. రవికుమార్ 'భద్రాద్రి కంకణం' అని రాసి చూపించాడు. చాంది ఆనందం పట్టలేక బకెట్టు బోర్లించి రెండు దెబ్బలు వేసింది. ఆ చప్పుడుకు బద్యా ఆటో వదిలేసి పరుగెత్తుకొచ్చి, సంగతేమిటో అడక్కుండానే తనూ నాలుగు వేశాడు.

ఆ గోలంతా సద్దుమణిగాక అనంతమ్మకు ఒక్కటి మాత్రం గుచ్చుకుంటూనే ఉంది. "ఏమయ్యా, ఆ ఒకటో నంబరు మొక్క ఏది? పుస్తకంల లేదు, పందిట్ల లేదు. ఎవలకిచ్చినవ్? వంకాయ చెట్టుకు కట్టినందుకు అంత ఉరికినవ్?"

సమ్మయ్య అటూ ఇటూ చూశాడు. అందరూ వింటున్నారు. తప్పించుకోవడానికి చాయ్ గ్లాసు కోసం చూశాడు, అది ఖాళీగా ఉంది.

"అది మొక్కది కాదు" అన్నాడు. "నీది."

"నాదా?"

"ఆపరేషన్‌కు నిన్ను లోపలికి తీస్కపోయి తలుపేసిన్రు. నన్ను ఇంటికి పో అన్నరు. ఇంటికొచ్చి ఏం చెయ్యాల్నో సమజ్ కాలే. సంచిల కొట్టించుకొచ్చిన బిళ్ళలున్నయ్. మొదటిది తీసి, మొదటి మొలకు తగిలించిన." ఆయన నేల చూస్తూ చెబుతున్నాడు. "మనిషి లోపలికి పోతే బిళ్ళ బోర్డు మీద ఉండాలె. ఉన్నన్ని దినాలు ఎవ్వలూ తాళమెయ్యరు."

చాంది చేతిలో బకెట్టు చప్పుడు చేయకుండా కింద పెట్టింది.

"నేనొచ్చి ఎన్నేండ్లాయె! రాంగనే తియ్యాలె గదయ్యా, నీ లెక్క ప్రకారం?"

"తియ్యబుద్ధి కాలే" అన్నాడు సమ్మయ్య. "నువ్వు కంకణం విప్పినవా?"

అనంతమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, చివరికి నవ్వే గెలిచింది. "ఇన్నేండ్లు ఎవడో మొక్క ఎగ్గొట్టిండనుకుని తిట్టుకున్న!" అంది. చాంది వైపు తిరిగి "నన్ను తీస్కపోయి వంకాయ చెట్టుకు కట్టింది సూడు ఇది!" అంది. చాంది రెండు చేతులూ జోడించింది. రవికుమార్ గారు అంత నవ్వు నవ్వి, తిన్న గారెలు గుర్తొచ్చి పొట్ట పట్టుకున్నాడు.

అనంతమ్మ బోర్డు దగ్గరికి వెళ్ళి తన బిళ్ళను తనే చూసుకుంది. కొంగుతో మళ్ళీ తుడిచింది.

"మరి నీదేది?" అంది.

"నాకెందుకు? నేనేడికి పోత?"

"ఎందుకంటవేంది? రేపే కొత్తగూడెం పో. ఇంకోటి కొట్టించుకొని రా."

"నంబరేమెయ్యాలె?"

"సున్నా. నా పక్కన ఉంటెనే నీకు లెక్క" అంది అనంతమ్మ.

సమ్మయ్య మర్నాడు నిజంగానే వెళ్ళాడు. సున్నా కొట్టమంటే గిన్నెల దుకాణం అతను రెండుసార్లు అడిగి మరీ కొట్టాడట. ఒకటో నంబరు పక్కన కొత్త మొల వచ్చింది, దాని మీద సున్నా వచ్చింది. పందిరి చూడటానికి వచ్చినవాళ్ళు ఆ రెండు మొక్కలు ఎక్కడికి పోయాయని అడుగుతుంటారు. వంటింట్లో ఉన్నాయని ఒకరూ, గారెలు తింటున్నాయని ఒకరూ జవాబు చెబుతారు. కుండీల బిళ్ళల జోలికి అనంతమ్మ మళ్ళీ పోలేదు. బోర్డు మీది ఆ రెంటినీ మాత్రం ఎవరు వస్తున్నారన్నా తీసి చింతపండుతో తోముతుంది.